అవుట్‌బోర్డ్ మోటారు ఆయిల్ ఇంజెక్షన్‌లో గాలి ఎలా తీయాలి, ఆయిల్ అందకపోతే ఎక్కడ వెతకాలి

బోటు వెనక తగిలించే టూ స్ట్రోక్ అవుట్‌బోర్డ్ మోటారుకి ఆయిల్ అందకపోతే అది వెంటనే ఆగిపోదు. రోజూలాగే స్టార్ట్ అవుతుంది, రోజూలాగే లాగుతుంది. ఫుల్ స్పీడు పెట్టిన కొన్ని నిమిషాలకి పిస్టన్ సిలిండర్ గోడకి ఒరుసుకుని, వేడెక్కి, పట్టేస్తుంది. గోపాలపూర్ నుంచి సోనాపూర్ దాకా గంజాం తీరంలో మనవాళ్లు చాలామంది ఇసుక మీద నుంచే ఫైబర్ బోటు నెట్టుకుని అలలు దాటుతారు. అల విరిగే చోట మోటారు పట్టేస్తే బోటు అడ్డం తిరుగుతుంది. అందుకే ఈ పని కేవలం మోటారు రిపేరు అని నేను అనుకోను. బోటులో ఉన్నవాళ్ల ప్రాణాలకి సంబంధించిన పని ఇది.

విడిగా ఆయిల్ ట్యాంకు ఉండి, ఆయిల్‌ని తనే తీసుకునే మోటార్ల గురించి ఇక్కడ రాస్తున్నాను. మొదటిసారి ఆయిల్ నింపినప్పుడు, ట్యాంకు ఖాళీ అయిపోయి గాలి పట్టినప్పుడు, గొట్టం గానీ పంపు గానీ మార్చినప్పుడు, నెలల తరబడి మోటారు ఊరికే ఉన్నప్పుడు ఈ గాలి తీసే పని చేయాలి.

ముందు మీ మోటారు ఏ రకమో తేల్చుకోండి

పై మూత తీసి చూడండి. లోపల ప్లాస్టిక్ ఆయిల్ ట్యాంకు, దాని నుంచి పంపుకి ఒక గొట్టం, పంపు నుంచి సిలిండర్ల వైపు సన్నని గొట్టాలు కనిపిస్తే అది ఆయిల్ ఇంజెక్షన్ మోటారు. పెద్ద హార్స్‌పవర్ మోటార్లలో కొన్నింటికి బోటులో ఇంకో పెద్ద ఆయిల్ ట్యాంకు కూడా ఉంటుంది. ఇవేవీ కనబడకపోతే అది పెట్రోల్లోనే ఆయిల్ కలిపి పోసే మోటారు. మన తీరంలో చిన్న మోటార్లు ఎక్కువగా ఇలాంటివే. వాటికి ఈ పద్ధతి అక్కర్లేదు. కిరోసిన్‌తో నడిచే మోటార్లూ వేరే. ఆయిల్ ఇంజెక్షన్ ఉన్న పెట్రోలు మోటార్లో కిరోసిన్ పోయొద్దు.

ఒకే ఇంట్లో రెండు రకాల మోటార్లూ ఉంటే ఇక్కడే పెద్ద ప్రమాదం పొంచి ఉంటుంది. అన్న బోటుకి ఉత్త పెట్రోలు, తమ్ముడి బోటుకి ఆయిల్ కలిపిన పెట్రోలు, రెండు క్యాన్లూ ఒకే రంగులో ఒకే పాకలో ఉంటాయి. తెల్లారుజామున చీకట్లో ఏ క్యాను ఎవరి చేతికి వస్తుందో చెప్పలేం. ఆయిల్ కలిపిన క్యాను మూతకి ఎర్ర పెయింటు వేయండి. మెడకి గుడ్డ పీలిక కూడా కట్టండి, చీకట్లో చేతికి తగులుతుంది. ఈ ఒక్క పని ఈరోజే చేసేయండి, మిగతావన్నీ రేపు చేసుకున్నా పర్వాలేదు.

ఆయిల్ విషయంలో రాజీ వద్దు

డబ్బా మీద టీసీ-డబ్ల్యూ3 అని ఉండాలి. నీళ్లతో చల్లబడే టూ స్ట్రోక్ మోటార్ల కోసం పెట్టిన ప్రమాణం అది. బైకులకీ, ఆటోలకీ వాడే టూటీ ఆయిల్ గాలితో చల్లబడే ఇంజన్ల కోసం తయారవుతుంది. దాని గుణమే వేరు. అవుట్‌బోర్డ్‌లో అది వాడితే పిస్టన్ రింగుల దగ్గర, ప్లగ్గు దగ్గర మడ్డి పేరుకుంటుంది. బరంపురంలో కొన్నా, ఇచ్ఛాపురంలో కొన్నా ఆ అక్షరాలు మీ కళ్లతో చదివి తీసుకోండి. షాపతను "ఇదీ అలాంటిదే" అంటే ఒప్పుకోవద్దు. నాలుగు చక్రాల బండిలో పోసే ఇంజన్ ఆయిల్ అయితే అసలే వద్దు, అది పెట్రోలుతో కలిసి కాలేది కాదు.

రకరకాల ఆయిళ్లు కలిపి పోయడం కూడా మానుకోవాలి. కొన్ని ఆయిళ్లు ఒకదాంతో ఒకటి కలిసినప్పుడు జిగురుగా, జెల్లీలా తయారై ట్యాంకు అడుగున జల్లెడని మూసేస్తాయి. పాత ట్యాంకులో ఏ ఆయిల్ ఉందో తెలియనప్పుడు పూర్తిగా వంపేసి కొత్తది పోయడమే మంచిది.

లోపల ఆయిల్ ఏ దారిలో పోతుంది

ఈ దారి మనసులో ఉంటే తప్పు ఎక్కడుందో సగం తెలిసిపోతుంది. ట్యాంకు నుంచి ఆయిల్ తన బరువుతోనే కిందికి జారి, జల్లెడ దాటి పంపులోకి వస్తుంది. పంపుని క్రాంక్‌షాఫ్ట్ ఒక చిన్న గేరుతో తిప్పుతుంది. పంపు మీద ఉన్న లీవరు, సన్నటి కడ్డీతో థ్రాటిల్‌కి కలిసి ఉంటుంది. మీరు స్పీడు పెంచితే లీవరు తిరిగి ఎక్కువ ఆయిల్ వదులుతుంది, ఐడిలింగ్‌లో బొట్టుబొట్టుగానే వదులుతుంది. పంపు నుంచి బయటికి వచ్చే సన్నని గొట్టాలు ఇంజను లోపలికి గాలి, పెట్రోలు వెళ్లే దారిలో కలుస్తాయి. చాలా మోటార్లలో సిలిండర్‌కి ఒక గొట్టం ఉంటుంది. ఆ గొట్టంలో గానీ దాని చివర గానీ చిన్న చెక్ వాల్వు ఉంటుంది. అది ఆయిల్‌ని ఇంజను వైపే పోనిస్తుంది, వెనక్కి రానివ్వదు.

పంపు ఒక్కో తోపుకి నెట్టేది చాలా కొంచెం. గొట్టంలో గాలి ఉంటే ఆ గాలి నొక్కుకుని మళ్లీ వదులవుతుంది గానీ ముందుకి కదలదు. ఎండాకాలం చేతిపంపు గాలి కొట్టినట్టే, హ్యాండిల్ ఆడుతుంది, నీళ్లు రావు. అందుకే ట్యాంకులో ఆయిల్ నిండా ఉన్నా ఇంజనుకి చుక్క అందకపోవచ్చు.

పనికి కావలసినవి

ఒకటి రెండు లీటర్ల కొత్త ఆయిల్, మందుల షాపులో దొరికే పెద్ద సిరంజి, స్క్రూడ్రైవర్, చిన్న స్పానర్లు, టార్చిలైటు, దారాలు ఊడని శుభ్రమైన గుడ్డలు, మార్కర్ పెన్ను లేదా టేపు, మిల్లీలీటర్లు గుర్తులున్న కొలగ్లాసు, పాత ప్లాస్టిక్ డబ్బా. గొట్టాలు గట్టిపడి పసుపెక్కి ఉంటే అదే లావున పెట్రోలు, ఆయిల్ తట్టుకునే కొత్తవి తెచ్చుకోండి. చేపల అక్వేరియం గొట్టం పెట్టొద్దు, అది కొన్నాళ్లకి గట్టిపడి కొసల దగ్గర చిట్లుతుంది. ఈ మోడల్ మాన్యువల్ మీ దగ్గర ఉంటే పక్కన పెట్టుకోండి. గాలి వదిలే బ్లీడ్ స్క్రూ ఎక్కడుందో, లీవరు గుర్తులు ఎలా కలపాలో అందులో బొమ్మతో సహా ఉంటుంది.

ఒడ్డున గాలికి ఇసుక లేస్తూ ఉంటుంది. ఆయిల్ మూత తీసే పని బోటు చాటున గానీ, పాకలో గానీ చేయండి. మోటారు ఎత్తి పెట్టి కాకుండా నిలువుగా ఉండాలి. స్టార్ట్ చేసే పని వచ్చేసరికి కింది భాగం మంచినీళ్ల డ్రమ్ములో మునిగి ఉండాలి. లేకపోతే నీళ్లు పట్టే చోట ఫ్లష్ కప్పులు తగిలించి పైపుతో నీళ్లు ఇవ్వాలి. నీళ్లు లేకుండా ఒక్క క్షణం తిప్పినా లోపల నీళ్లు తోడే రబ్బరు ఇంపెల్లరు పాడవుతుంది. దగ్గర్లో బీడీ, సిగరెట్టు వద్దు.

గాలి తీసే పని

మొదట పెట్రోలు సంగతి చూడండి. బోటు పెట్రోలు ట్యాంకులో లీటరుకి 20 మిల్లీలీటర్ల చొప్పున ఆయిల్ కలపండి, 50కి 1 అన్నమాట. 24 లీటర్ల ట్యాంకు నిండా ఉంటే 480 మిల్లీలీటర్లు. బాగా కుదిపి కలపాలి. ఆయిల్ ఇంజెక్షన్ ఉన్న మోటారుకి మళ్లీ పెట్రోల్లో ఆయిల్ ఎందుకని చాలామంది అడుగుతారు. గాలి పూర్తిగా పోయేదాకా ఇంజను బతికేది ఈ కలిపిన ఆయిల్ వల్లే. దీన్ని దాటేసి ఎవరూ పని మొదలుపెట్టొద్దు.

తర్వాత ఆయిల్ ట్యాంకు. పాత ఆయిల్ కొంచెం గ్లాసులోకి తీసి వెలుగులో చూడండి. పాలలా తెల్లగా మారినా, అడుగున నీటి బొట్లు దొర్లుతున్నా మొత్తం వంపేయాలి. నీళ్లు ఆయిల్ కంటే బరువు, ట్యాంకు అడుగునే చేరి ముందుగా అవే పంపులోకి పోతాయి. పంపు లోపల తుప్పు మొదలయ్యేది అలాగే. జల్లెడ తీసి పెట్రోలుతో కడిగి ఆరనివ్వండి, నీళ్లతో కడగొద్దు. మూతకి ఉన్న గాలి రంధ్రంలో ఉప్పు, ఇసుక పేరుకుని ఉంటే శుభ్రం చేయండి. ఆ రంధ్రం మూసుకుపోతే ఆయిల్ కొంత దిగి, ట్యాంకులో గాలి లాగుడు పుట్టి, ఆగిపోతుంది. చూడటానికి చిన్న విషయం గానీ దీని వల్ల ఆగిన మోటార్లు తక్కువేం కాదు.

ఇప్పుడు కొత్త ఆయిల్ మెల్లగా పోసి, మూత బిగించి, కొద్దిసేపు వదిలేయండి. పోసేటప్పుడు పుట్టిన బుడగలు పైకి తేలాలి. డిసెంబరు, జనవరి తెల్లవారుజామున ఆయిల్ చిక్కగా ఉంటుంది, ఎండ ఎక్కాక చేస్తే పని తేలిక.

పంపు మీద బ్లీడ్ స్క్రూ వెతకండి. ట్యాంకు గొట్టం పంపుకి చేరే చోటికి దగ్గరలో చిన్న స్క్రూ, కింద వాషరు ఉంటాయి. కిల్ స్విచ్ తాడు తీసేయండి, ఈ పని ఇంజను ఆపి చేసేదే. స్క్రూ కింద గుడ్డ పెట్టి మూడు నాలుగు చుట్లు వదులు చేయండి, పూర్తిగా ఊడదీయొద్దు. మొదట ఏమీ రాదు. తర్వాత నురగ, ఆ తర్వాత బుడగలతో ఆయిల్, చివరికి బుడగ లేని ఆయిల్ వస్తుంది. బుడగ లేకుండా వచ్చాక కూడా కొంచెం సేపు అలాగే పోనిచ్చి అప్పుడు బిగించండి. తొందరపడే చోటు ఇదే. నురగ ఆగగానే బిగించేస్తారు, వెనక ఇంకో బుడగ ఉంటుంది. బిగించేటప్పుడు బలం వాడొద్దు, ఆ మరలు మెత్తనివి. వాషరు నలిగి ఉంటే కొత్తది వేయండి. అక్కడ ఆయిల్ కారడమే కాదు, గాలి కూడా దూరుతుంది.

స్క్రూ వదులు చేసినా ఆయిల్ రాకపోతే పంపుని అనుమానించకండి, దారి దాని కంటే ముందే మూసుకుంది. పంపు దగ్గర గొట్టం ఊడదీసి డబ్బాలోకి వంచండి. ఆయిల్ ధారగా రావాలి. రాకపోతే జల్లెడ, గాలి రంధ్రం, మడత పడ్డ గొట్టం, ఈ మూడింటిలోనే ఉంటుంది తప్పు.

పంపు వరకు ఆయిల్ వచ్చింది. ఇక సన్నని గొట్టాలు. అవి పూర్తిగా ఖాళీ అయి ఉంటే ఒక్కొక్కటి పంపు వైపు కొసన ఊడదీసి, సిరంజితో కొత్త ఆయిల్ మెల్లగా ఇంజను వైపు ఎక్కించి వెంటనే మళ్లీ తగిలించండి. ఒకదాని తర్వాతే ఇంకొకటి, ఏది ఎక్కడిదో తారుమారు కాకూడదు. క్లిప్పులు మళ్లీ వేయడం మరవొద్దు. సిరంజికి చెక్ వాల్వు దగ్గర కొంచెం బిగువు తగిలి తర్వాత పోతుంది, అది మామూలే.

మిగిలిన గాలి ఇంజను నడిపి తీయాలి. థ్రాటిల్ నుంచి పంపు లీవరుకి వచ్చే కడ్డీని లీవరు దగ్గర విడదీయండి. కలిపిన పెట్రోలుతో, నీళ్లు ఇస్తూ, ఐడిలింగ్‌లోనే స్టార్ట్ చేయండి. ఇప్పుడు లీవరుని చేత్తో ఫుల్ వైపు తిప్పి పట్టుకోండి. స్పీడు పెరగదు, ఆయిల్ మాత్రం ఎక్కువ వస్తుంది. తిరిగే ఫ్లైవీలుకి చొక్కా చేతులు, తువ్వాలు దూరంగా ఉంచండి. టార్చి వేసి ఒక్కో గొట్టం చూడండి, బుడగలు ఇంజను వైపు కదులుతూ కనిపిస్తాయి. ప్రతి గొట్టంలోనూ ఆయిల్ తెగకుండా నిండేదాకా నడపండి. పొగ బాగా వస్తుంది, రెండు వైపుల నుంచీ ఆయిల్ పడుతోంది కదా. పొగ చూసి ఆపేయకండి. ఒక గొట్టంలో బుడగ ఒకే చోట ఊగుతూ ముందుకి కదలకపోతే ఆ గొట్టం గుర్తుపెట్టుకోండి, దాని సంగతి కింద రాశాను.

అయ్యాక కడ్డీ మళ్లీ తగిలించి గుర్తులు చూడండి. లీవరు మీద ఒక గీత, పంపు మీద ఒక గీత ఉంటాయి. కొన్ని మోటార్లలో థ్రాటిల్ మూసి ఉన్నప్పుడు ఈ రెండూ కలవాలి, కొన్నింటిలో పూర్తిగా తెరిచినప్పుడు కలవాలి. ఇది ఊహించి చేసే పని కాదు, మీ మోడల్ మాన్యువల్ ప్రకారమే పెట్టండి. కార్బరేటర్ సర్దుబాటు చేయించిన ప్రతిసారీ ఈ గుర్తులు మళ్లీ చూడాలి.

ఆయిల్ తగ్గడం కళ్లతో చూశాకే ఉత్త పెట్రోలు

నేను అన్నిటికంటే గట్టిగా చెప్పదలచుకున్నది ఇదే. బుడగలు పోయాయి, పొగ వచ్చింది, హెచ్చరిక బజర్ మోగలేదు, ఇవేవీ సాక్ష్యం కావు. ట్యాంకులో ఆయిల్ మట్టం దిగడం ఒక్కటే సాక్ష్యం.

ఆయిల్ ట్యాంకు పక్కన టేపు అంటించి ఇప్పుడున్న మట్టం దగ్గర గీత గీయండి. బోటు సమంగా, మోటారు నిలువుగా ఉన్నప్పుడే గీయాలి. కలిపిన పెట్రోలుతోనే ఒడ్డుకి దగ్గరగా, ఇంకో బోటు తోడు ఉండగా వేటకి వెళ్లి రండి. తిరిగొచ్చాక అదే నిలువులో మళ్లీ చూడండి. లెక్క ఇలా ఉంటుంది. వేగంగా నడిపినప్పుడు మోడల్‌ని బట్టి పెట్రోల్లో వందో వంతు నుంచి యాభయ్యో వంతు దాకా ఆయిల్ పోతుంది. అంటే 20 లీటర్ల పెట్రోలు వేగంగా నడిపి కాల్చితే 200 నుంచి 400 మిల్లీలీటర్ల మధ్య దిగాలి. నెమ్మదిగా వల లాగుతూ తిరిగితే అంతకంటే తక్కువే. గీత దగ్గరికి మళ్లీ నింపడానికి ఎంత పట్టిందో కొలగ్లాసుతో కొలిస్తే కంటి అంచనా అక్కర్లేదు.

మట్టం సరిగ్గా దిగితే తర్వాతి ట్యాంకు ఉత్త పెట్రోలు పోయొచ్చు. అసలు దిగకపోతే కలిపిన పెట్రోలు ఆపకండి, తప్పు ఇంకా ఉంది. కొత్త మోటారుకీ, పిస్టన్ మార్చి బిగించిన మోటారుకీ మొదటి గంటల్లో ఇంజెక్షన్ ఉన్నా సరే పెట్రోల్లో కూడా ఆయిల్ కలపమని కంపెనీలు చెబుతాయి. చాలా మోటార్లకి అది 10 గంటలు.

మట్టం దిగకపోతే

ట్యాంకు నుంచి పంపు దాకా దారి బాగుందని తేలాక పంపుని పరీక్షించాలి. కలిపిన పెట్రోలుతో ఐడిలింగ్‌లో నడుపుతూ, ఒక సన్నని గొట్టం పంపు దగ్గర ఊడదీసి, లీవరు ఫుల్‌గా పట్టుకుని చూడండి. ఆ మూతి దగ్గర ఆయిల్ ఊరి బొట్లుగా పడాలి. ఆగి ఆగి పడుతుంది, ఓపిక పట్టాలి. ఒక మూతి నుంచి వచ్చి ఇంకో మూతి నుంచి రాకపోతే పంపు లోపల లోపం. ఏ మూతి నుంచీ రాకపోతే పంపు తిరుగుతోందా లేదా అన్నది తేలాలి.

దానికి ఇంజను ఆపి, కిల్ స్విచ్ తాడు తీసి, ప్లగ్గులు ఊడదీసి, పంపు బోల్టులు విప్పి బయటికి తీయండి. ఇంకొకరు ఫ్లైవీలుని ఇంజను తిరిగే దిక్కులోనే చేత్తో తిప్పుతుండగా, మీరు టార్చి వేసి లోపలి గేరు చూడండి. వెనక్కి తిప్పితే ఇంపెల్లరు రెక్కలు మడత పడతాయి. గేరు తిరగకపోతే, దాని పళ్లు అరిగిపోయి ఉంటే అసలు కారణం దొరికినట్టే. కొన్ని మోటార్లలో ఈ గేరు ప్లాస్టిక్‌ది, ఏళ్లు గడిచాక వేడికి పెళుసెక్కి విరుగుతుంది. విరిగిన ముక్కలు లోపల మిగలకూడదు. ఇది ఒడ్డున కూర్చుని చేసుకునే పని కాదు, మంచి మెకానిక్‌కి ఇవ్వండి. గేరు బాగానే ఉండి పంపే పనిచేయకపోతే పంపు విప్పి బాగుచేయాలని చూడొద్దు, కొత్తది వేయండి. లోపలి భాగాలు చాలా సన్నని కొలతలతో ఉంటాయి.

ఇక ఒక్క గొట్టంలోనే బుడగ ఊగే సంగతి. పంపు తోసినప్పుడు ముందుకి, వదిలినప్పుడు వెనక్కి ఊగుతోందంటే చెక్ వాల్వు మూసుకోవడం లేదు, ఆయిల్ వెనక్కి వచ్చేస్తోంది. బుడగ అసలు కదలకపోతే వాల్వు జిగురుతో అతుక్కుపోయి ఉండొచ్చు. వాల్వు తీసి సిరంజితో పంపు వైపు నుంచి నెట్టండి, కొద్ది బిగువుతో పోవాలి. ఇంజను వైపు నుంచి నెడితే చుక్క కూడా పోకూడదు. రెండు వైపులా పోయినా, ఏ వైపూ పోకపోయినా కొత్తది. విడి వాల్వు మీద బాణం గుర్తు ఉంటే అది ఇంజను వైపు ఉండాలి. తిరగేసి పెడితే ఆ సిలిండర్‌కి ఆయిల్ ఉండదు, మిగతావి బాగానే ఉంటాయి గనక ఎవరికీ అనుమానం రాదు. ప్లగ్గులు తీసి వరసగా పెట్టి చూస్తే తెలుస్తుంది. మిగతావి గోధుమ రంగులో నూనె తడితో ఉండి ఒక్కటి తెల్లగా, పొడిగా కాలి ఉంటే ఆ సిలిండర్‌కి ఆయిల్ గానీ పెట్రోలు గానీ తక్కువ అందుతోంది. అలాంటి ప్లగ్గు కనిపించిన రోజు ఆ మోటారుతో వేటకి వెళ్లొద్దు.

ఎక్కువ పొగ, కారుడు, బజర్

పొగ ఎక్కువైతే మొదట చూడాల్సింది పెట్రోల్లో ఇంకా ఆయిల్ కలిపి ఉందా అని. లేకపోతే లీవరు గుర్తులు చూడండి, కడ్డీ ఊడిపోయి లీవరు ఫుల్‌లో ఉండిపోయిందేమో. రాత్రంతా ఆగి ఉన్నాక పొద్దున్న మాత్రమే పొగ కమ్మేసి ప్లగ్గులు తడిసిపోతుంటే చెక్ వాల్వు కారి ఆయిల్ లోపలికి దిగుతోంది.

పై మూత కింద ఆయిల్ మరకలుంటే గుడ్డతో పూర్తిగా తుడిచి, కొద్దిసేపు నడిపి, ఎక్కడ తడి పుడుతోందో చూడండి. ఎక్కువగా గొట్టం కొస చిట్లడమో, క్లిప్పు వదులవడమో ఉంటుంది. కొస కొంచెం కత్తిరించి మళ్లీ తగిలించేంత పొడవుంటే సరే, లేకపోతే గొట్టం మార్చాలి. ఒకటి పోయిందంటే మిగతావీ అదే వయసువి, అన్నీ ఒకేసారి మార్చండి.

బజర్ మోగితే చాలామంది ఆయిలే అనుకుంటారు. చాలా మోటార్లలో వేడెక్కినా అదే బజర్ మోగుతుంది, స్పీడు కూడా దానంతట అదే పడిపోతుంది. వెనక చిన్న రంధ్రం నుంచి నీటి ధార వస్తోందో లేదో ముందు చూడండి. ధార లేకపోతే వెంటనే ఇంజను ఆపి, నీళ్లు పట్టే చోట ప్లాస్టిక్ సంచి గానీ, వల ముక్క గానీ అడ్డుపడిందేమో చూడాలి. ధార బాగుండి ఆయిల్ నిండుగా ఉన్నా మోగుతుంటే ఆయిల్ ట్యాంకులో మట్టం చూసే ఫ్లోటు అతుక్కుపోయిందేమో, సెన్సర్ వైరు కొసలకి ఉప్పు పట్టిందేమో ఒడ్డుకొచ్చాక చూసుకోవచ్చు. విసుగొచ్చి వైరు పీకేయడం మాత్రం చేయకండి.

సముద్రంలో ఉండగా ఆయిల్ బజర్ మోగితే

వెంటనే స్పీడు తగ్గించండి. ధార చూడండి, ఆయిల్ మట్టం చూడండి. ఆయిల్ తక్కువైతే పోయండి. ఆయిల్ ఉన్నా నమ్మకం లేకపోతే పెట్రోలు ట్యాంకులో మిగిలినదాన్ని అంచనా వేసి లీటరుకి 20 మిల్లీలీటర్లు కలపండి. సగం ట్యాంకు, అంటే 12 లీటర్లుంటే 240 మిల్లీలీటర్లు. కొంచెం ఎక్కువైనా నష్టం లేదు, ప్లగ్గు తడుస్తుంది అంతే. తక్కువైతేనే నష్టం. బాగా కుదిపి, నెమ్మదిగానే ఒడ్డుకి రండి. గొట్టంలోనూ కార్బరేటర్లోనూ ఉన్నది ఇంకా ఉత్త పెట్రోలే, కలిపింది ఇంజను దాకా రావడానికి కొంత సమయం పడుతుంది.

దీనికోసం బోటులో ఎప్పుడూ ఒక లీటరు సీలు తీయని ఆయిల్, కొలమూత, ప్లగ్గు స్పానరు, రెండు కొత్త ప్లగ్గులు ఉండాలి. ఆయిల్ ట్యాంకు సగానికి దిగకుండా చూసుకోవడం కూడా అలవాటు చేసుకోండి. అడుగున కొంచెమే ఉన్నప్పుడు అలల మీద బోటు ఎగిరిపడితే గొట్టం ఆయిల్‌కి బదులు గాలి లాగుతుంది, అప్పుడు గాలి తీసే పనంతా మళ్లీ మొదటికొస్తుంది.

ఇంజెక్షన్ తీసేసి కలిపిన పెట్రోలు వాడొచ్చా

వాడొచ్చు. పంపు దొరకక, దొరికినా ధర ఎక్కువై, అలా చేసుకున్నవాళ్లు ఉన్నారు. నేను దాన్ని తప్పనను. సగం తీయడమే తప్పు. ఆయిల్ ట్యాంకు తీసేసి పంపుని అలాగే వదిలేస్తే అది ఆయిల్ లేకుండా ఒట్టిగా తిరిగి అరుగుతుంది, పాడవుతుంది, ముక్కలు ఇంజనులోకి పోవచ్చు. పంపుని, దాని గేరుని తీసి, ఆ చోటు పలకతో మూయించాలి. సన్నని గొట్టాలు కలిసే మూతులన్నీ గాలి దూరకుండా బిగించాలి, లేకపోతే ఇంజను గాలి ఎక్కువ పీల్చి వేడెక్కుతుంది. మోటారు పై మూత మీద, పెట్రోలు ట్యాంకు మీద "ఆయిల్ కలిపి పోయాలి" అని తెలుగులోనూ ఒడియాలోనూ పెద్దగా రాయించండి. రేపు ఆ మోటారు అమ్మితే కొన్నవాడికి ఆ సంగతి తెలియాలి.

వేట నిషేధం రోజుల్లో, తుఫాను తర్వాత

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా తూర్పు తీరంలో నిషేధం. రుషికుల్య నది మొగ దగ్గర తాబేళ్ల కోసం నవంబరు 1 నుంచి మే 31 దాకా ఇంకో నిషేధం. ఇలా మోటారు నెలల తరబడి ఊరికే ఉండేటప్పుడు ఆయిల్ ట్యాంకు నిండా పోసి ఉంచండి. ఖాళీ జాగా ఉంటే లోపలి తేమ నీరై అడుగుకి చేరుతుంది. పెట్రోలు మాత్రం నిల్వ పెట్టొద్దు. ఇప్పుడు బంకుల్లో వచ్చే పెట్రోల్లో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది, అది తేమ పీల్చి నీళ్లు విడిపోతాయి. చాలా అవుట్‌బోర్డ్ మాన్యువళ్లు 10 శాతం దాటొద్దని చెబుతాయి గనక పెట్రోలు గొట్టాలు, వాటి మధ్య చేత్తో నొక్కే రబ్బరు బల్బు మెత్తబడ్డాయేమో తరచూ చూసుకోండి. నిషేధం అయ్యాక మొదటి ట్యాంకు ఆయిల్ కలిపిన పెట్రోలే పోసి, పైన చెప్పినట్టు గీత గీసి చూడండి.

నీళ్లలో మునిగిన మోటారు సంగతి వేరు. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుఫాను గోపాలపూర్ దగ్గర తీరం దాటిన తర్వాత ఏం చూశామో ఈ తీరంలో ఎవరికీ చెప్పనక్కర్లేదు. మునిగిన మోటారు బయటికి తీయగానే స్టార్ట్ చేసి చూడాలనిపిస్తుంది, చేయకండి. మంచినీళ్లతో కడిగి, ప్లగ్గులు తీసి సిలిండర్లలోని నీళ్లు వంపి, ఆయిల్ పోసి చేత్తో తిప్పి, వీలైనంత త్వరగా మెకానిక్ దగ్గరికి చేర్చాలి. ఆలస్యమైతే బేరింగులకి తుప్పు పడుతుంది. ఆయిల్ ట్యాంకులోకి, గొట్టాల్లోకి, పంపులోకి ఉప్పునీరు పోయే ఉంటుంది. ట్యాంకు ఊడదీసి వంపి ఆరబెట్టండి, జల్లెడ, గొట్టాలు, చెక్ వాల్వులు కొత్తవి వేయండి, పంపు తిరుగుతోందో లేదో తీసి చూడండి. ఆ తర్వాత గాలి తీసే పని మొదటి నుంచీ చేసి, కనీసం రెండు ట్యాంకులు ఆయిల్ కలిపిన పెట్రోలుతోనే నడపండి. రెండుసార్లూ మట్టం సరిగ్గా దిగితే, గ్లాసులోకి తీసి చూసిన ఆయిల్లో నీటి బొట్టు కనబడకపోతే, అప్పుడు ఉత్త పెట్రోలుకి మారొచ్చు.